వరద బురదలో తిరిగొచ్చాక జ్వరం, ఎలుకల జ్వరం పరీక్ష నెగిటివ్: ఇక భయం లేనట్టేనా?

మీ ప్రశ్నను కాస్త కుదించి రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్లకు అర్థమవుతుందని. మీ తమ్ముడికి 28 ఏళ్లు. వరద తీశాక అమ్మమ్మగారి ఇల్లు శుభ్రం చేయడానికి వెళ్లి మూడు రోజులు మోకాలి లోతు బురదలో తిరిగాడు. రేకు తగిలి కాలి బొటనవేలు దగ్గర కోసుకుంది. తిరిగొచ్చిన తొమ్మిదో రోజున చలితో జ్వరం పట్టుకుంది, ఇవాళ్టికి నాలుగు రోజులు. డెంగీ, మలేరియా లేవన్నారు. టైఫాయిడ్‌కు చేసే వైడాల్ రక్త పరీక్ష కొంచెం పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్‌కు మందులు రాశారు. కాళ్లు లాగేస్తున్నాయి, బాత్రూమ్ దాకా కూడా నడవలేకపోతున్నాడు. ఎవరో చెబితే ఎలుకల జ్వరానికి కూడా పరీక్ష చేయించారు, నెగిటివ్ వచ్చింది. మీరు అడిగేది మూడు: ఆ భయం తీరినట్టేనా, టైఫాయిడ్ మందులే కొనసాగించాలా, ఇంట్లో మిగతావాళ్లు కూడా ముందుజాగ్రత్తగా మందు వేసుకోవాలా.

ముందు జవాబు చెప్పేస్తాను. భయం తీరలేదు. నాలుగో రోజున నెగిటివ్ వచ్చిన ఆ పరీక్షను నమ్ముకోవద్దు. మీరు రాసిన వివరాలను బట్టి నా దగ్గరికి వచ్చి ఉంటే లెప్టోస్పైరోసిస్ (ఎలుకల జ్వరం అసలు పేరు ఇదే, మేం లెప్టో అంటాం) అనే అనుకుని ఇవాళే మందు మొదలుపెట్టేవాణ్ని. రేపటిదాకా ఆగకుండా, కిడ్నీ పరీక్షలు అక్కడికక్కడే చేసే ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరుగారి ముందు కూర్చోగానే చెప్పాల్సిన మొదటి మాట జ్వరం గురించి కాదు, "వరద బురదలో మూడు రోజులు ఉన్నాడండీ, కాలికి గాయం ఉంది" అన్నది. ఇక నీళ్లలోకి దిగని ఇంట్లోవాళ్లకు మందు అక్కర్లేదు. ఇది మనిషి నుంచి మనిషికి అంటుకోవడం దాదాపు ఉండదు.

ఇక కారణాలు. నేను కృష్ణా డెల్టాలో 22 ఏళ్లుగా జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. నాట్లు మొదలైన నెల నుంచి కోతల దాకా, ఇంకా ఏటిగట్లు పొంగిన ప్రతిసారీ, ఈ జబ్బు నా ఓపీలోకి వస్తూనే ఉంటుంది. కాకపోతే తన పేరు మీద ఎప్పుడూ రాదు. టైఫాయిడ్ అనో, డెంగీ అనో, పచ్చకామెర్లు అనో, వైరల్ అనో చీటీ పట్టుకుని వస్తుంది.

నిజానికి దీని చరిత్ర అంతా అలాగే ఉంది. 1907లో స్టిమ్సన్ అనే అమెరికన్ డాక్టరు ఎల్లో ఫీవర్‌తో చనిపోయాడనుకున్న ఒకరి మూత్రపిండం ముక్కలో ఈ జబ్బు తెచ్చే లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవిని చూశారు. స్క్రూలాగా మెలికలు తిరిగి, కొస కొక్కెంలా వంగి, ప్రశ్నార్థకం గుర్తులా ఉందని 'ఇంటెరోగాన్స్' అన్నారు. అంటే శాస్త్రం కంటికి మొదటిసారి పడినప్పుడే అది వేరే జబ్బు పేరు కింద ఉంది. మన అండమాన్‌లోనూ అంతే. మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు బాగా ఉన్న దీవులవి. 1988 నుంచి అక్కడ వానల తర్వాత జ్వరం వచ్చి, నెత్తురు దగ్గుతూ మనుషులు పోతుంటే, ఏమిటో తెలియక 'అండమాన్ రక్తస్రావ జ్వరం' అని కొత్త పేరు పెట్టుకున్నారు. 1993లో మళ్లీ విజృంభించినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం వాళ్లు పరీక్షలు చేసి, ఇది లెప్టోస్పైరానే అని తేల్చారు.

2015లో వెలువడిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఈ జబ్బు పడుతున్నారు, సుమారు 58,900 మంది చనిపోతున్నారు. ఎక్కువమంది మనలాంటి వేడి, తేమ ఉన్న దేశాలవాళ్లే. వరి చేలో వంగి పనిచేసేవాళ్లు, మురుగు కాలువలు తీసేవాళ్లు, చేపల చెరువుల మీద బతికేవాళ్లు, పశువుల కొట్టం కడిగేవాళ్లు.

ఎలుకల జ్వరం అన్న పేరు సగమే నిజం. ఎలుకలు, పందికొక్కులు ప్రధానమైనవే. కానీ పశువులు, పందులు, కుక్కలు కూడా ఈ సూక్ష్మజీవిని మోస్తాయి. ఎలుక కరిస్తే వచ్చేది కాదిది, దాని మూత్రంతో వచ్చేది. సూక్ష్మజీవి ఎలుక మూత్రపిండాల్లోని సన్నటి గొట్టాల్లో కాపురం పెడుతుంది. ఎలుకకు ఏ జబ్బూ కనిపించదు, హాయిగా తిరుగుతూ నెలల తరబడి, ఒక్కోసారి బతికినన్నాళ్లూ మూత్రంలో దాన్ని విడుస్తూనే ఉంటుంది. ఎండిన నేల మీద, ఎండ తగిలేచోట అది ఎక్కువసేపు నిలవదు. నీడపట్టున తడిమట్టిలో, ఉప్పులేని నిలవ నీళ్లలో మాత్రం వారాలపాటు బతుకుతుంది. వరి చేను గట్టు మీద ఎలుక బొరియలు, గట్టు కింద నిలవనీరు, ఆ నీళ్లలో రోజంతా నానిన ఆడవాళ్ల పాదాలు: ఈ మూడూ ఒకచోట చేరే కాలమే మా ప్రాంతంలో ఈ జ్వరాల కాలం.

ఒంట్లోకి వెళ్లడానికి పెద్ద గాయం అక్కర్లేదు. మడమ పగుళ్లు చాలు. వేళ్ల సందున ఒరిసిపోయిన చర్మం చాలు. కలుషితమైన నీళ్లు కంట్లో, ముక్కులో, నోట్లో పడ్డా వెళుతుంది. మీ తమ్ముడికి రేకు కోసింది కాబట్టి ఆ దారి ఇంకా సులువైంది. నీళ్లలో దిగినప్పటి నుంచి జ్వరం రావడానికి సాధారణంగా 5 నుంచి 14 రోజులు పడుతుంది. రెండు రోజులకే రావచ్చు, నెలకూ రావచ్చు. అందుకే జ్వరం వచ్చేనాటికి జనం ఆ నీళ్ల సంగతే మరిచిపోతారు. అడిగితే "నిన్నా మొన్నా ఎక్కడికీ వెళ్లలేదండీ" అంటారు. నేను "పోయిన నెల రోజుల్లో ఎక్కడెక్కడ కాళ్లు తడిశాయి" అని అడుగుతాను.

ఇప్పుడు పరీక్ష గురించి. మీరు చేయించింది బహుశా ఐజీఎం పరీక్ష. అది సూక్ష్మజీవిని వెతకదు. దాన్ని ఎదుర్కోవడానికి మన ఒళ్లు తయారుచేసుకునే ప్రతిరక్షకాలను వెతుకుతుంది. అవి కంటికి ఆనేంత తయారవ్వడానికి జ్వరం మొదలై అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. మూడో రోజు, నాలుగో రోజు చేస్తే అసలు జబ్బు ఉన్నా నెగిటివ్ రావడమే ఎక్కువ. మొదటి వారంలో రక్తంతో పీసీఆర్ (సూక్ష్మజీవి జన్యుపదార్థాన్నే వెతికే పరీక్ష) చేస్తే దొరికే అవకాశం ఉంది, కానీ అది అన్నిచోట్లా ఉండదు. కాబట్టి మీరు ఏడో రోజు తర్వాత ఐజీఎం మళ్లీ చేయించండి. కానీ మందు ఆ రిపోర్టు కోసం ఆగకూడదు.

ఇంత గట్టిగా చెబుతున్నానంటే కారణం ఉంది. ప్రాక్టీసు పెట్టిన నాలుగో ఏడు. మునిసిపాలిటీలో కాంట్రాక్టు మీద కాలువలు తీసే కుర్రాడు, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, మూడు రోజుల జ్వరంతో వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకు అనుమానం వచ్చింది, పరీక్షకు పంపాను. నెగిటివ్ వచ్చింది. ఆ కాగితాన్ని నమ్మాను. పారాసెటమాల్ ఇచ్చి, తగ్గకపోతే రమ్మన్నాను. ఆరో రోజు పొద్దున వాళ్లమ్మ రిక్షాలో తీసుకొచ్చింది. తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు, తీసి చూస్తే గుడ్డ నిండా ఎర్రటి నురగ. ఊపిరితిత్తుల్లో రక్తస్రావం. పెద్దాసుపత్రికి తీసుకెళ్లి వెంటిలేటర్ పెట్టారు, మర్నాడు రాత్రి పోయాడు. ఊపిరితిత్తుల్లోకి నెత్తురు దిగితే సగం మందికి పైగా దక్కరు. మూడో రోజున నా దగ్గర ఉన్నప్పుడు ఈ జబ్బుకిచ్చే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ ఇచ్చి ఉంటే బతికేవాడా అంటే నేను చెప్పలేను, కానీ ఇవ్వాల్సింది. ఆ రోజు నుంచి నీళ్లు, జ్వరం, పిక్కల నొప్పి కలిసి కనిపిస్తే రిపోర్టుతో నిమిత్తం లేకుండా మందు రాస్తున్నాను.

అయితే మందు రాయడానికి నేను దేన్ని చూస్తాను? మంచం పక్కన నిలబడి చూడగలిగినవే ఎక్కువ.

మొదటిది పిక్కలు. అన్ని జ్వరాల్లోనూ ఒళ్లు నొప్పులు ఉంటాయి. ఇందులో నొప్పి పిక్కల్లోనూ నడుములోనూ దిగబడి ఉంటుంది. పిక్క కండను మెల్లిగా నొక్కితే చాలు, మనిషి కాలు లాగేసుకుంటాడు, ఒక్కోసారి నా చెయ్యి పట్టేసుకుంటాడు. మీ తమ్ముడు నడవలేకపోతున్నాడని రాశారు చూడండి, నాకు ముందుగా తగిలిన మాట అదే. రెండోది కళ్లు. ఎర్రగా ఉంటాయి, కానీ కళ్లకలకలా పుసులు కట్టవు, నీరు కారదు, దురద ఉండదు. తెల్లగుడ్డు మీద సన్నటి నెత్తురు జాలు పరిచినట్టుంటుంది. కిటికీ దగ్గర కూర్చోబెట్టి కింది రెప్ప లాగి చూడండి. ఇది అందరిలో ఉండదు, ఉంటే మాత్రం నాకు చాలా విలువైన గుర్తు.

రక్త పరీక్షల్లో కొన్ని తేడాలు పనికొస్తాయి. డెంగీలో తెల్లకణాలు తగ్గుతాయి. ఇందులో మామూలుగా ఉంటాయి లేదా పెరుగుతాయి. ప్లేట్‌లెట్లు మాత్రం రెండింటిలోనూ తగ్గవచ్చు, కాబట్టి ప్లేట్‌లెట్లు తగ్గాయంటే డెంగీయేనని అనుకోవద్దు. కామెర్లు వస్తే ఇంకో తేడా ఉంది. నీళ్ల వల్ల వచ్చే మామూలు పచ్చకామెర్లలో, అంటే హెపటైటిస్ ఏ, ఇ లలో, ఎస్‌జీపీటీ (లివరు దెబ్బను చూపే రక్త పరీక్ష) వెయ్యి, రెండు వేలు దాటిపోతుంది. కళ్లు పచ్చబడేసరికి జ్వరం తగ్గుముఖం పడుతుంది. లెప్టోలో బిలిరుబిన్ (కళ్లను పచ్చబరిచే పదార్థం) పది, ఇరవై దాకా పోయినా ఎస్‌జీపీటీ వందల్లోనే ఆగుతుంది, జ్వరం పోదు, పక్కనే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) పెరుగుతూ ఉంటుంది. జ్వరం, కామెర్లు, పెరిగిన క్రియాటినిన్: ఈ మూడూ ఒకేసారి ఉంటే లెప్టో అనే అనుకుని అడుగు వేయాలి. 1886లో జర్మనీలో అడాల్ఫ్ వైల్ వర్ణించిన తీవ్ర రూపం ఇదే. ఆయన పేరుతోనే వైల్స్ డిసీజ్ అంటారు.

మీ తమ్ముడి వైడాల్ గురించి రెండు మాటలు. ఒక్కసారి చేసిన వైడాల్ కొద్దిగా పాజిటివ్ ఉంటే టైఫాయిడ్ అని నిర్ధారించలేం. మన ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా అలా రావడం మామూలే. అయినా ఆ డాక్టరుగారి మీద కోపం తెచ్చుకోవద్దు, ఆయన ఏ మందు రాశారో చూడండి. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ అయితే అది లెప్టోకి కూడా పనిచేస్తుంది. మన పల్లెల్లో చాలా లెప్టో కేసులు టైఫాయిడ్ పేరుతో వచ్చి, ఈ ఇంజెక్షన్‌తో తగ్గిపోయి, టైఫాయిడ్ తగ్గిందన్న పేరుతోనే వెళ్లిపోతాయి. ఈ జబ్బు మన దగ్గర అరుదు అని జనం అనుకోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం. అజిత్రోమైసిన్ కూడా కొంత పనిచేస్తుంది. నోటి ద్వారా ఇచ్చే మిగతా టైఫాయిడ్ మాత్రలైతే, వాటి మీద ఆధారపడి ఇంట్లో కూర్చోవద్దు.

చికిత్స మీ తమ్ముడి స్థితిని బట్టి ఉంటుంది. కామెర్లు లేవు, మూత్రం బాగా వస్తోంది, క్రియాటినిన్ మామూలుగా ఉంది అంటే పెద్దవాళ్లకు డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున ఏడు రోజులు. గర్భిణులకు, చిన్నపిల్లలకు దాని బదులు అమాక్సిసిలిన్ ఇస్తాం. తీవ్రంగా ఉంటే ఆసుపత్రిలో చేర్చి నరంలోకి పెన్సిలిన్ గానీ సెఫ్ట్రియాక్సోన్ గానీ. ఈ రెండూ సమానంగా పనిచేస్తాయి, సెఫ్ట్రియాక్సోన్ రోజుకు ఒక్కసారి ఇస్తే చాలు కాబట్టి మేం ఎక్కువగా దాన్నే వాడతాం. మా వైపు పొలాల్లోనే పొంచి ఉండే, సన్నటి పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి కూడా డాక్సీసైక్లినే మందు. రెండింటిలో ఏదో తేలనప్పుడు ఈ చవక మాత్ర రెండు వైపులా కాపు కాస్తుంది. మందుల షాపులో మీ అంతట మీరు కొని వేయమని చెప్పడం లేదు. డాక్టరుగారిని చూపించి, "డాక్సీ ఇవ్వవచ్చా" అని అడగడానికి వెనకాడవద్దని చెబుతున్నాను. మొదటి మోతాదు పడ్డ కొన్ని గంటల్లో ఒక్కోసారి గట్టిగా చలి, వణుకు వస్తాయి. సూక్ష్మజీవులు ఒక్కసారిగా చావడం వల్ల వచ్చేదది. మందు పడలేదని ఆపేయకండి, డాక్టరుకు చెప్పండి.

ఒక మందు మాత్రం వద్దు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఇంజెక్షన్ రూపంలోనైనా మాత్ర రూపంలోనైనా వద్దు. పిక్కల నొప్పి భరించలేక జనం ముందు పరిగెత్తేది ఆ ఇంజెక్షన్ కోసమే. అసలే సూక్ష్మజీవి దాడిలో ఉన్న కిడ్నీకి అది రెండో దెబ్బ. పారాసెటమాల్ చాలు.

ఇంట్లో మీరు గమనించాల్సినవి మూత్రం, శ్వాస, మెలకువ. లీటరు నీళ్ల సీసా ఒకటి కేటాయించి, రోజంతా మూత్రం అందులో పట్టి కొలవండి. 24 గంటల్లో అర లీటరు కూడా రాకపోతే అర్ధరాత్రయినా బయలుదేరండి. మూత్రం బాగానే వస్తోంది కదా అని క్రియాటినిన్ మానేయవద్దు, ఎందుకంటే ఈ జబ్బులో మూత్రం ధారాళంగా వస్తూనే కిడ్నీ దెబ్బతినడం తరచుగా చూస్తాం. కోవిడ్ నాడు కొన్న వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు ఇంట్లో ఉంటే పూటపూటా పెట్టి చూడండి, 94 కన్నా తగ్గితే ఆగవద్దు. కఫంలో సన్నటి నెత్తుటి చార కనిపించినా అంతే. ఇంకొకటి: నాలుగైదు రోజులకు జ్వరం దానంతట అదే తగ్గి, ఒకటి రెండు రోజులు బాగున్నట్టుండి, మళ్లీ తిరగబెట్టవచ్చు. కిడ్నీ, లివరు, ఊపిరితిత్తుల గొడవ మొదలయ్యేది చాలావరకు ఆ సమయంలోనే. "తగ్గింది కదా" అని మందు మానేసినవాళ్లే నాకు మళ్లీ అంబులెన్సులో కనిపిస్తారు.

భయపడిపోకుండా ఇదీ తెలుసుకోండి: ఈ జబ్బు వచ్చిన పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి మామూలు జ్వరంలా వచ్చి తగ్గిపోతుంది. ఆ పదో మనిషి ఎవరో మొదటి మూడు రోజుల్లో మాకు తెలియదు. అందుకే అందరినీ ఒకేలా చూస్తాం.

పసరు మందు సంగతి చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. కళ్లు పచ్చబడితే మన ఊళ్లలో మొదటి పరుగు పసరు పోసేవాళ్ల దగ్గరికి. చుట్టుపక్కల పది ఊళ్లకూ తెలిసిన ఒక చోటు ఉంటుంది, పొద్దున్నే పరగడుపున వెళ్లాలి, ఉప్పూ కారం మానాలి. మామూలు కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి ఆ పసరుకు పేరొచ్చింది. లెప్టో కామెర్లు అలా కాదు.

నలభై దాటిన ఒక కౌలు రైతు, దమ్ము చేసిన చేలో పది రోజులు నిలబడి పనిచేసినాయన, జ్వరం వచ్చిన అయిదో రోజు కళ్లు పచ్చబడితే పసరు పోయించుకున్నారు. మూడు రోజులు పథ్యం చేశారు. నీళ్లు కూడా తక్కువ తాగమన్నారట. ఎనిమిదో రోజు నా దగ్గరికి తెచ్చేసరికి, కళ్లు పసుపూ ఎరుపూ కలిసిపోయి పండు రేగుపండులా ఉన్నాయి. అరచేతులు పసుపు ముద్దలో ముంచినట్టున్నాయి. ముందు రోజు సాయంత్రం నుంచి మూత్రం చుక్క లేదు. క్రియాటినిన్ 7 దాటింది. డయాలిసిస్ చేయాలి అనగానే ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ, "వద్దు డాక్టరుగారూ, ఒకసారి మొదలెడితే బతికినన్నాళ్లూ చేయించాలంట కదా, మాకు ఎకరం కూడా సొంతం లేదు, ఇంటికి తీసుకుపోతాం" అన్నది. ఆవిడను పక్కన కూర్చోబెట్టి అరగంట మాట్లాడాను. షుగరు వల్ల ఏళ్ల తరబడి చెడిపోయిన కిడ్నీ వేరు, ఈ జ్వరంలో వాచి ఆగిపోయిన కిడ్నీ వేరు. లెప్టోలో డయాలిసిస్ చాలావరకు కొద్దిరోజుల ఆసరా మాత్రమే. జబ్బు తగ్గితే కిడ్నీలు మళ్లీ తమ పని తాము చేసుకుంటాయి. ఒప్పుకున్నారు. నాలుగుసార్లు డయాలిసిస్ జరిగింది. అయిదోదానికి సిద్ధం చేస్తుంటే ఆ రాత్రి మూత్రం మొదలైంది, తెల్లారేసరికి సీసా నిండింది. ఆవిడ ఆ సీసా తెచ్చి నాకు చూపించింది. రెండు నెలలకు క్రియాటినిన్ ఒకటికి వచ్చింది. మళ్లీ ఏడు ఆయనే దమ్ము చేశారు.

ఆవిడ భయం మన ఇళ్లల్లో చాలామందికి ఉంది. డయాలిసిస్ మాట వినగానే పేషెంట్లను ఇంటికి తీసుకుపోతున్నారు. అలా తీసుకుపోయినవాళ్లలో బతకాల్సినవాళ్లు ఉన్నారు.

ఇక ముందుజాగ్రత్త మందు. మీ ఇంట్లోవాళ్లు బురదలో దిగలేదని రాశారు, వాళ్లకు వద్దు. మీ తమ్ముడితో పాటు శుభ్రం చేయడానికి వెళ్లిన బావగారు, పక్కింటి అబ్బాయి ఉన్నారన్నారు కదా, వాళ్లకు ఫోన్ చేయండి. వాళ్లకు ఇప్పుడు జ్వరం ఉంటే ఇది ముందుజాగ్రత్త కాదు, చికిత్స. జ్వరం లేకపోతే డాక్టరును కలిసి అడగమనండి. నీళ్లలో పని తప్పనివాళ్లకు, ఆ పని ఉన్నన్నాళ్లు, వారానికి ఒకసారి డాక్సీసైక్లిన్ 200 మి.గ్రా. ఇవ్వడం వాడుకలో ఉన్న పద్ధతి. పనామా అడవుల్లో శిక్షణకు వెళ్లిన 940 మంది అమెరికా సైనికుల మీద చేసిన పరిశీలన 1984లో అచ్చయింది. మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 20 మందికి జబ్బు వస్తే, డాక్సీ వేసుకున్నవాళ్లలో ఒక్కరికే వచ్చింది. అండమాన్‌లో చేసినప్పుడు ఫలితం అంత గొప్పగా లేదు. సూక్ష్మజీవి సోకడం ఆగలేదు గానీ జబ్బు పడినవాళ్లు తగ్గారు. నా అభిప్రాయం: వరద సహాయంలో దిగినవాళ్లకు, కాలువ కార్మికులకు, కాళ్లకు గాయాలతో బురదలో ఉన్నవాళ్లకు ఇవ్వాలి. ఊరందరికీ ఏడాది పొడుగునా పంచడం తప్పు. 2018 వరదల తర్వాత కేరళలో ఈ మాత్రలు పెద్ద ఎత్తున పంచారు. అక్కడివాళ్లు దీన్ని 'ఎలిప్పని' అంటారు, మన ఎలుకల జ్వరమే. ముంబైలో 2005 జులై 26న ఒక్కరోజులో 944 మి.మీ. వాన పడ్డాక ఈ జబ్బు విజృంభించింది. ఇప్పుడు అక్కడి నగరపాలక సంస్థ, నీళ్లలో నడిచినవాళ్లు 72 గంటల లోపే డాక్టరును కలవమని వానాకాలంలో హెచ్చరిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, జ్వరాల శిబిరంలో కూర్చుని నేను చూసిన పాదాలు ఇంకా గుర్తున్నాయి. చెప్పులు కొట్టుకుపోయి, వారం రోజులు నాని తెల్లగా ముడతలు పడి, వేళ్ల మధ్య చర్మం ఊడివచ్చిన పాదాలు. అలాంటి పాదాలున్నవాళ్లకు ఈ హెచ్చరిక ఇంటింటికీ చేరాలి.

డాక్సీ వేసుకునేవాళ్లు అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, మింగగానే పడుకోకూడదు. లేకపోతే గొంతు కింద పుండు పడుతుంది. పాలతో, ఐరన్ మాత్రతో, గ్యాస్ మందుతో కలిపి వేస్తే ఒంటికి సరిగా పట్టదు.

బూట్లు వేసుకోండి అని రాయడం సులభం. మోకాలి దాకా దిగబడే వరి చేలో గమ్‌బూట్లతో నాట్లు వేయలేరని నాకు తెలుసు. అక్కడ చేయగలిగింది ఇంత: పనిలోకి దిగే ముందు పగుళ్లకు, కోతలకు గట్టిగా టేపు చుట్టి, పాదాలకు కొబ్బరినూనో వాజ్‌లీనో పట్టించడం. గట్టెక్కగానే మంచినీళ్లూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడవడం. నూనె రాస్తే జబ్బు రాదని కాదు, చర్మం నానిపోవడం కాస్త తగ్గుతుందని. ఇల్లు శుభ్రం చేసేవాళ్లు మాత్రం బూట్లు, చేతి తొడుగులు లేకుండా దిగవద్దు. బురద తీశాక బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో నేల కడిగి, తలుపులు తెరిచి ఎండ పడనిస్తే ఈ సూక్ష్మజీవి నిలవదు. గట్ల మీద ఎలుకల బుట్టలు పెట్టించడం పంట కోసమే అనుకుంటాం, మనుషుల కోసం కూడా.

మీ అమ్మమ్మగారింట్లో రెండు గేదెలు, ఒక కుక్క ఉన్నాయని చివర్లో రాశారు. చూడి గేదె నెలలు నిండకుండా ఈసుకుపోయినా, పాలు ఉన్నట్టుండి పడిపోయి పొదుగు మెత్తబడినా, పాలలో పసుపు రంగో నెత్తుటి జీరో కనిపించినా పశువుల డాక్టరుకు లెప్టో అనుమానం చెప్పండి. ఈసుకుపోయిన దూడను, మాయను ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. మా దగ్గర ఒక ఇంట్లో నెల తేడాతో రెండు గేదెలు ఈసుకుపోయాక పాలు పితికే కోడలికి ఈ జ్వరం వచ్చింది. ఆ గేదెల మాట పశువైద్యుడే నాకు ఫోన్ చేసి చెప్పారు, లేకపోతే నేనూ ఆమెకు వైరల్ జ్వరం అనే రాసేవాణ్నేమో. కుక్కకు ఏటా వేసే కలగలుపు టీకాల్లో లెప్టో టీకా కూడా ఉన్నదే వేయించండి.

చివరగా, మీ తమ్ముడు కోలుకున్నాక కూడా కొన్ని నెలలు కళ్లను గమనించండి. 1993 చివర్లో తమిళనాడులో వరదలొచ్చాక, 1994లో మదురై అరవింద్ కంటి ఆసుపత్రికి కంటి లోపల వాపుతో చాలామంది వచ్చారు. వెతికితే కారణం లెప్టోస్పైరా అని తేలింది. కన్ను ఎర్రబడి చూపు మసకేస్తే మందుల షాపు చుక్కలు వేయకుండా కంటి డాక్టరుకు "ఫలానా నెలలో నాకు ఎలుకల జ్వరం వచ్చింది" అని చెప్పాలి.

ఇప్పుడు మాత్రం ఇది చదువుతూ కూర్చోకుండా బయలుదేరండి. రక్తకణాల లెక్క, క్రియాటినిన్, పొటాషియం, బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, మూత్ర పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే: ఈ జాబితా ఫోన్‌లో పెట్టుకోండి. ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి. సాయంత్రం క్రియాటినిన్ ఎంత వచ్చిందో, కళ్లు పచ్చగా ఉన్నాయో లేదో ఇక్కడే రాయండి, రాత్రి పది దాకా చూస్తూ ఉంటాను.